మాకేం లోటు లేదు మేడమ్

పైనుంచి కాగితం వచ్చిందని తెలిస్తే చాలు, స్టేషన్లో అందరికీ ఉన్నట్టుండి పనులు గుర్తొస్తాయి. ఒకాయనకి జీపు టైర్లలో గాలి చూడాలనిపిస్తుంది, ఇంకొకాయనకి బీరువా వెనక పడ్డ ఫైలు తీయాలనిపిస్తుంది. ఆ రోజు ఇన్‌స్పెక్టరు కాగితం పట్టుకుని తన గదిలోంచి బయటికి వచ్చేసరికి హాల్లో హెడ్ కానిస్టేబుల్ ఒక్కతే మిగిలింది. ఆవిడని కూరగాయలమ్మే మనిషి దగ్గర్నుంచి కోర్టు గుమాస్తా దాకా అందరూ హెడ్డమ్మ అనే అంటారు. దొరికినవాళ్ళదే డ్యూటీ అన్నది పోలీసుల్లో ఎవరూ రాయని రూలు కాబట్టి, పని ఆవిడ నెత్తిన పడింది.

పనేమిటంటే, వీధివీధీ తిరగాలి, ఇల్లిల్లూ తలుపు తట్టాలి, పోలీసులు ముందుగా ఏ సంగతి చూసుకోవాలో జనాన్నే అడగాలి. ఆ తర్వాత వీధంతటినీ ఒకచోట కూర్చోబెట్టి తేల్చాలి. జనం కోసం చేసే పని జనాన్ని అడిగి చేద్దామన్న ఆలోచన ఇన్నాళ్ళకైనా పైవాళ్ళ బుర్రకి తట్టినందుకు సంతోషించాలో, ఇన్నాళ్ళు పట్టినందుకు ఏడవాలో హెడ్డమ్మకి తెలియలేదు.

"బడి వెనక వీధితో మొదలుపెట్టు," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "నువ్వు పెరిగిన వీధేగా. నీకు మంచినీళ్ళు తాగినంత తేలిక."

"అలాగే సార్," అంది హెడ్డమ్మ. అంది గానీ, ఒక చిక్కుంది. ఆ వీధిలో ఆవిడ అక్క ఉంది.

అక్క అంటే ఒట్టి అక్క కాదు. తల్లి పోయేనాటికి హెడ్డమ్మ ఇంకా పాలపళ్ళు ఊడని పిల్ల. అప్పటికే పెళ్ళయి కాపురం చేసుకుంటున్న అక్క, చెల్లెల్ని చంకనేసుకుని తన ఇంటికి తెచ్చుకుంది. ముందుగదిలో కుట్టుమిషను, వెనకగదిలో కాపురం, మధ్యలో ఈ పిల్ల. జనం బట్టల్లో మిగిలిన ముక్కలన్నీ కలిపి గౌన్లు కుట్టేది అక్క. తొడిగి, ఒంటిమీదే సరిచూసి, గుండుసూదులు గుచ్చేది. పిల్లకి కాలు ఒకచోట నిలిచేది కాదు. "కదలకే, గుచ్చుకుంటుంది," అనేది అక్క, సూదులు పళ్ళ మధ్య బిగబట్టి.

తనకో పేరుందన్న సంగతి ఆ పిల్లకి బడిలో వేసినప్పుడు గానీ తెలియలేదు. ఇంట్లో పిలుపు ఒక్కటే, "ఏమే." అన్నానికి రమ్మన్నా ఏమే, దీపం ఆర్పమన్నా ఏమే. ఒక్కో ఏమేకి ఒక్కో రాగం. గుమ్మం దాటేటప్పుడు వెనకనుంచి వినబడేది జాగ్రత్త చెప్పే ఏమే. జ్వరం వచ్చినప్పుడు నుదుటిమీద చెయ్యి వేసి అనేది ఇంకొకటి, అది పక్కగదిలోకి కూడా వినబడదు. పోలీసు ఉద్యోగం వచ్చినప్పుడు, మొట్టమొదటి యూనిఫాం చొక్కాకి భుజాలు సరిచేసి, చెల్లెలికి తొడిగి, నాలుగడుగులు దూరంగా నిలబడి చూసి, "ఏమే..." అని, ఇంకేమీ అనలేక లోపలికి వెళ్ళిపోయింది అక్క.

ఆ పిలుపుని హెడ్డమ్మ చేజేతులా పోగొట్టుకుంది. కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేమని పెద్దలు ఊరికే అన్నారా?

అక్క కొడుక్కి అప్పుడప్పుడే మీసాలు వస్తున్నాయి. మీసంతోపాటు కొమ్ములు కూడా వచ్చాయి. స్నేహితులతో పందెం కట్టి, నడిబజారులో బైకు తోలి, ఒక పండ్లబండిని బోర్లా పడేశాడు. తెచ్చి స్టేషన్లో బెంచీమీద కూర్చోబెట్టారు. సాయంత్రం అక్క వచ్చింది. మెడలో కొలతల టేపు అలాగే ఉంది, చెవి వెనక సుద్దముక్క అలాగే ఉంది. వదిలెయ్యి అనలేదు, కేసు పెట్టకు అనలేదు. గుమ్మంలోంచే, "ఏమే, వాడేమైనా తిన్నాడటే?" అంది.

ఆవిడ అడిగింది అంతే. కానీ పక్క బల్ల దగ్గర ఆ రోజు పెద్దాఫీసరు కూర్చుని ఉన్నాడు. ఆయన తలెత్తి చూశాడు. ఇద్దరు కానిస్టేబుళ్ళు నవ్వు ఆపుకుంటున్నారు. కొత్త ఉద్యోగం, కొత్త టోపీ, ఆ టోపీ కింద ఇంకా కుదురుకోని బుర్ర. "ఇక్కడ ఏమే గీమే అనకండి," అంది చెల్లెలు. "మేడమ్ అనండి."

పుట్టి బుద్ధెరిగాక అక్కని 'అండి' అని మాట్లాడడం అదే మొదలు. అక్క ఒక అడుగు వెనక్కి వేసింది. "సరే మేడమ్," అంది.

అప్పట్నుంచి ఇప్పటిదాకా, ఆ కొడుకు బుద్ధిమంతుడై వేరే ఊళ్ళో మెకానిక్కుగా స్థిరపడ్డాక కూడా, అక్క నోట మేడమే. మాట్లాడదని కాదు. బజారులో ఎదురుపడితే "బాగున్నారా మేడమ్" అంటుంది. తిట్టేవాళ్ళతో ఎలాగోలా రాజీపడొచ్చు గానీ, మర్యాదతో కొట్టేవాళ్ళతో ఎలా వేగడం? హెడ్డమ్మ మొదట్లో వెళ్ళింది. తప్పయిపోయింది అక్కా అని ఏడ్చింది. "మీరలా అనకూడదు మేడమ్," అని కుర్చీ తుడిచి వేసింది అక్క. ఆ తుడిచిన కుర్చీలో కూర్చోలేక హెడ్డమ్మ వెళ్ళడం మానేసింది.

పెళ్ళీ గిళ్ళీ పెట్టుకోలేదు. మేడమ్ అనేవాళ్ళూ, హెడ్డమ్మా అనేవాళ్ళూ ఊరినిండా ఉన్నారు. కానీ ఒక్కసారి, పోయేలోగా ఒకే ఒక్కసారి, ఆ ఏమే మళ్ళీ చెవినపడాలని ఆవిడ కోరిక. వంటగదిలో ఒక్కతే పళ్ళెం ముందు కూర్చున్నప్పుడు ఆ కోరిక మరీ పీకేది.

మర్నాడు పొద్దున్నే బడి వెనక వీధిలో దిగింది హెడ్డమ్మ. బయల్దేరే ముందు చొక్కా జేబు బొత్తాం ఊడి చేతిలోకొస్తే తనే కుట్టుకుంది. ఖాకీ చొక్కా, ఇంట్లో ఉన్నదేమో తెల్లదారం. అక్క దగ్గర పెరిగిన పిల్లకి సూది పట్టడం రాదంటే ఎవరైనా నవ్వుతారు, కానీ నిజంగా రాదు. పట్టాల్సిన అవసరం ఎప్పుడొచ్చింది గనక?

కాగితంలో ప్రశ్న అచ్చులో ఉంది: "మీ ప్రాంత భద్రతా ప్రాధాన్యతలను తెలియజేయగలరు." మొదటి ఇల్లు రేడియో పిన్నిది. వీధిలో ఎవరింట్లో గిన్నె జారిపడ్డా ఆ వార్త ముందు చదివేది ఆవిడే కాబట్టి ఆ పేరు. పిన్ని ప్రశ్నంతా శ్రద్ధగా విని, "అవి మేం వాడం తల్లీ. చివర కొట్లో ఉంటాయేమో కనుక్కో," అంది.

హెడ్డమ్మ కాగితం మడిచి జేబులో పెట్టుకుంది. "అది కాదు పిన్నీ. ఈ వీధిలో మీకేం లోటు? అది చెప్పు."

"లోటా!" అని పిన్ని గుమ్మంలోనే చతికిలబడింది. మలుపులో దీపం ఆరిపోయి ఎన్నాళ్ళయిందో, ఆడపిల్లలు చీకటిపడ్డాక చదువుల నుంచి ఎలా వస్తున్నారో అంతా చెప్పింది. "నా సంగతి కూడా రాసుకో. ఆ చీకట్లో ఎవరు ఎవరింటికి వెళ్తున్నారో కనబడి చావట్లేదు," అంది.

మాట పనిచేసింది. పనిచేయడమేమిటి, గండి పడింది. ప్రాధాన్యత అంటే నోరు మెదపనివాళ్ళు లోటు అనేసరికి లోపల ఉన్నదంతా తెచ్చి బయట పోశారు. ఆ మాటతో వచ్చిన చిక్కే అది. దొంగల భయం గురించి అడిగితే దూరమైనవాళ్ళ గురించి చెబుతారు. చివర కొట్టాయన బడి గేటు దగ్గర రయ్యిమని పోయే బైకుల మీద ఫిర్యాదుతో మొదలుపెట్టి, ఒకప్పుడు కొట్టు తెరిచిపెట్టి భోజనానికి వెళ్ళొచ్చేవాణ్ణనీ, కావలసినవాళ్ళు సరుకు తీసుకుని డబ్బు డబ్బాలో వేసి పోయేవాళ్ళనీ, ఇప్పుడు గొలుసూ తాళమూ వేసి కూడా గబగబా రెండు ముద్దలు మింగి పరుగెత్తుకొస్తున్నాననీ చెప్పాడు. చెబుతూ చెబుతూ తాళంచెవి తిప్పుకుంటూ ఉండిపోయాడు.

లెక్కల మాస్టారు ఇంట్లో ఇంకా కష్టమైంది. ఆయన ఉద్యోగం చాలించి చాలాకాలమైంది, భార్య పోయి కొంతకాలమైంది.

"వెనకటికి మన వీధికి ఒక బీటు పోలీసు ఉండేవాడు, నీకు గుర్తుందా?" అన్నాడు మాస్టారు. "సందెవేళ నడిచి వచ్చేవాడు. గేటు మీద కర్రతో టక్కుమనిపించి, 'మాస్టారూ, అంతా కులాసాయేనా?' అనేవాడు. కులాసాయే అనేవాణ్ణి. అంతే, వెళ్ళిపోయేవాడు. ఇప్పుడు జీపు వస్తుంది. జీపుకి నేను కనబడను తల్లీ. మా ఆవిడ పోయాక కులాసాయేనా అని అడిగే మనిషి లేడు. నా లోటు అదీ. మీ కాగితంలో పడుతుందో లేదో."

"పడుతుంది మాస్టారూ," అంది హెడ్డమ్మ. ఎక్కడ పడుతుందో ఆవిడకీ తెలియదు. ఒకే ఒక మాట కోసం మనిషి ఎంతగా మొహం వాచిపోతాడో మాత్రం ఆవిడకి ఎవరూ చెప్పక్కర్లేదు.

వీధికి ఈ పక్క అయింది, ఆ పక్క కూడా అయింది. ఇక స్టేషన్‌కి పోదామని తిరిగింది హెడ్డమ్మ. కిటికీలోంచి రేడియో పిన్ని కేకేసింది.

"ఆకుపచ్చ తలుపు ఇల్లు మర్చిపోయినట్టున్నావమ్మా!"

వీధి వీధంతా వినేలా చెప్పాక ఇంకేం మర్చిపోతాం? హెడ్డమ్మ వెళ్ళి ఆకుపచ్చ తలుపు తట్టింది. తలుపు తీసింది బావ. ఆయన పూర్వం బస్సు డ్రైవరు. చూపు మందగించి బస్సు వదిలేశాక, అక్క కుట్టినవాటికి ఇస్త్రీ చేస్తూ ఇంటిపట్టునే ఉంటున్నాడు.

"ఎవరూ, మరదలా! పోలీసులనేసరికి హడలిచచ్చాను," అన్నాడు బావ. "నన్ను పట్టుకుపోవడానికొచ్చావా? పద, ఇప్పుడే వస్తా. మీ లాకప్పులో వేళకి తిండి పెడతారటగా, ఇక్కడికంటే అదే నయం."

"నిన్ను పెట్టుకుని మేమెక్కడ వేగుతాం బావా," అంది హెడ్డమ్మ. నవ్వబోయింది గానీ లోపల్నుంచి మిషను చప్పుడు వినబడి నవ్వు ఆగిపోయింది.

అక్క కుడుతున్న కుట్టు చివరిదాకా పూర్తిచేసి, దారం కత్తిరించి, అప్పుడు తలెత్తింది. జుట్టు ఎప్పుడో తెల్లబడింది. టేపు మాత్రం మెడలో అదే చోట ఉంది.

"రండి మేడమ్," అని లేచి కుర్చీ తుడిచి వేసింది.

హెడ్డమ్మ నిలబడే ఉంది. "డ్యూటీ మీద వచ్చాను అక్కా. వీధిలో అందర్నీ అడుగుతున్నాం. నీకేం లోటు?"

అడిగాక గానీ తను ఏం అడిగిందో తనకే తెలియలేదు. బావ ఇస్త్రీపెట్టె పట్టుకుని అలాగే ఉండిపోయాడు, గుడ్డ కమురువాసన వచ్చేదాకా. అక్క చెల్లెలి మొహంలోకి చూడలేదు. చూపు కాస్త కిందికి, చొక్కా జేబు మీద ఆగింది. అక్కడ పేరున్న బిళ్ళ ఉంటుంది. దాన్నే చదువుతోంది కాబోలు అనుకుంది హెడ్డమ్మ. అక్క పెదవి కదిలింది, మళ్ళీ మూసుకుంది.

"మాకేం లోటు లేదు మేడమ్," అని మిషను ముందు కూర్చుంది.

బావ గేటు దాకా వెంట వచ్చాడు. "వాడు ఆ రోజు ఇంటికొచ్చాక చెప్పాడులే," అన్నాడు గొంతు తగ్గించి. "నువ్వే రొట్టె, గుడ్లు తెప్పించి, దగ్గర కూర్చుని తినిపించావట కదా."

"మరి అక్కకి తెలుసా?"

"ఎందుకు తెలీదు? దానికి వాడి ఆకలి గురించి కాదు తల్లీ కోపం. ఆ కోపం కూడా ఎప్పుడో పోయింది. ఇప్పుడున్నది సిగ్గు. ఇన్నేళ్ళు మేడమ్ అన్న నోటితో మళ్ళీ ఎలా మొదలుపెట్టాలో తెలీట్లేదు. మొన్న పిల్లి వచ్చి పాలగిన్నెలో మూతి పెడితే 'ఏమే!' అని అరిచింది. అరిచి, ఇక ఆ పూటంతా మిషను తొక్కితే ఒట్టు."

"పిల్లికున్న రాత నాకు లేదన్నమాట," అంది హెడ్డమ్మ. నవ్వుతూనే అంది. కళ్ళు తుడుచుకోవడానికి టోపీ సర్దుకోవాల్సి వచ్చింది.

తర్వాత పని సంగతికి వచ్చింది. సభలో జనం ఓట్లు వేయాలి. చీటీలంటే చదువురానివాళ్ళు ఇబ్బందిపడతారు. మనిషికి ఇన్నని చిన్నవేవైనా చేతికిస్తే, ఒక్కో లోటుకీ పెట్టిన సీసాల్లో వేస్తారని చెప్పింది. బావ ఏదో అనబోయేలోగా లోపల్నుంచి అక్క గొంతు వినబడింది.

"ఏవండీ, జతలేని బొత్తాల డబ్బా ఉంది, అది ఇవ్వండి మేడమ్ గారికి. మంచివి ఇచ్చేరు!"

సెలవురోజు సాయంత్రం బడి హాల్లో సభ. పిల్లల బెంచీల్లో పెద్దవాళ్ళు మోకాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక అవస్థపడుతున్నారు. బల్లమీద సీసాలు వరసగా పెట్టి, ఒక్కోదానికి ఒక్కో బొమ్మ అంటించారు. కెమెరాలు, హెల్మెట్లు, అద్దెకున్నవాళ్ళ వివరాలు, ఈ మూడూ పైనుంచి వచ్చినవి. జనాన్ని అడగమన్నారు గానీ, జనం ఏం చెప్పాలో కూడా వాళ్ళే చెప్పి పంపారు. దీపానికీ, బడి గేటు దగ్గర బైకులకీ హెడ్డమ్మ పట్టుబట్టి మరో రెండు సీసాలు పెట్టించింది.

బొత్తాలు పంచారు. అప్పుడు లెక్కల మాస్టారు లేచి, తన గ్లాసులో నీళ్ళు గటగటా తాగేసి, ఖాళీ గ్లాసు తెచ్చి సీసాల చివర పెట్టాడు. "ఇది నడిచి వచ్చే పోలీసు," అన్నాడు.

"మాస్టారూ, అది జాబితాలో లేదండీ," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"మీరు అడిగింది మా జాబితాయే కదా నాయనా?" అని మాస్టారు తన బొత్తాలన్నీ అందులో వేసి వచ్చి కూర్చున్నాడు.

ఆ తర్వాత చూడాలి! చివర కొట్టాయన గ్లాసులో వేశాడు. రేడియో పిన్ని ఒకటి దీపానికి వేసి, మిగతావి గ్లాసులో వేసి, ఎవరెవరు ఎందులో వేస్తున్నారో చూడ్డానికి అక్కడే నిలబడింది. కాసేపటికి గ్లాసు నిండి బొత్తాలు బల్లమీదికి దొర్లాయి. కెమెరాల సీసాలో రెండో మూడో ఉంటే, అవి కెమెరాలు అమ్మే కొట్టు పెట్టాలనుకుంటున్న కుర్రాడివని పిన్ని అక్కడికక్కడే వార్త చదివింది.

ఇన్‌స్పెక్టరు చెడ్డవాడేం కాదు. బొత్తాల కుప్ప చూసి తల గోక్కున్నాడు. "సరే. రోజూ సాయంత్రం నడిచే బీటు ఒకటి వేస్తాను. మా హెడ్డమ్మకే ఇద్దామని నా ఉద్దేశం. కానీ సొంతవాళ్ళున్న వీధిలో బీటు ఇవ్వాలంటే వీధి ఒప్పుకోవాలి, అది రూలు. ఒక్క ఇల్లు కాదన్నా ఇంకొకర్ని పంపిస్తాను. ఎవరికైనా అభ్యంతరం ఉందా?"

తలలన్నీ ఒకేవైపు తిరిగాయి. మూడో బెంచీలో బావ పక్కన అక్క కూర్చుని ఉంది.

ఆ ఇంటి ముందునుంచి రోజూ నడవొచ్చు. పిలవకపోతే పోయె, మిషను చప్పుడైనా వినొచ్చు. ఆ మాత్రం దక్కితే చాలు, ఇంకేమీ అడగను, అనుకుంది హెడ్డమ్మ.

అక్క లేచింది. "నాకుంది సార్ అభ్యంతరం," అంది.

రేడియో పిన్ని కూడా వార్తలు ఆపేసింది. హెడ్డమ్మ తన బూట్ల వంక చూస్తూ నిలబడింది. ఎవరి కాళ్ళో అన్నట్టున్నాయి అవి.

"ఆవిడ డ్యూటీకి నేను వంక పెట్టను," అంది అక్క, బెంచీల మధ్యనుంచి ముందుకి వస్తూ. నేర్చుకున్న పాఠం అప్పజెబుతున్నట్టు తడుముకుంటూ మాట్లాడుతోంది. "డ్యూటీ అంటే ఆవిడకి ఎంత పట్టుదలో నాకు తెలిసినట్టు ఎవరికీ తెలీదు. కానీ మా వీధిలో రోజూ తిరిగే మనిషి... నలుగురి కళ్ళలో పడే మనిషి... మా ఇంట్లో కుట్టుమిషను ఉందని తెలిసి కూడా... మేడమ్ గారు..."

పాఠం అక్కడితో మర్చిపోయింది. చెల్లెలికి బెత్తెడు దూరంలోకి వచ్చేసింది. కళ్ళు మాత్రం జేబు మీదే ఉన్నాయి, ఖాకీ చొక్కా మీద ఊరంతటికీ కనబడేటట్టున్న ఆ తెల్లదారం మీద.

"ఏమే! ఆ బొత్తాం ఎవరు కుట్టారే?"

హెడ్డమ్మకి ముందు అర్థం కాలేదు. చెవికి వినబడింది గానీ లోపలికి దిగడానికి ఒక క్షణం పట్టింది. ఈలోగా ఇన్‌స్పెక్టరు మర్యాదగానే అడ్డుపడ్డాడు.

"అమ్మా, యూనిఫాంలో ఉన్న ఆఫీసర్ని అలా పిలవకూడదు. మేడమ్ అనాలి."

అక్క ఉలిక్కిపడింది. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని ఒక అడుగు వెనక్కి వేసింది. ఆ అడుగు హెడ్డమ్మకి తెలుసు. ఇన్నేళ్ళూ నిద్రలో కూడా చూసిన అడుగు అది.

"అననివ్వండి సార్!" అంది హెడ్డమ్మ. తన గొంతు అంత గట్టిగా వస్తుందని తనే అనుకోలేదు. గుమ్మం దగ్గర నిలబడ్డ కానిస్టేబుళ్ళు కూడా తిరిగి చూశారు. "ఆవిడ మా అక్క. ఎక్కడైనా అనొచ్చు. స్టేషన్‌కి వచ్చి, ఏ ఆఫీసరు ముందైనా అనొచ్చు. అనొద్దన్నదాన్ని నేను. నాది తప్పు సార్."

ఇన్‌స్పెక్టరుకి తలా తోకా తెలియలేదు. అయినా నోరు మూసుకున్నాడు, అందుకు ఆయన్ని మెచ్చుకోవాలి.

అక్క తన జాకెట్టు చేతి మడత విప్పి, అందులో గుచ్చి ఉన్న సూది తీసింది. సూదికి దారం ఎక్కించే ఉంది. ఖాకీ దారం, అచ్చం ఆ చొక్కా రంగు. ఆ రంగు దారం ఆవిడ డబ్బాలో ఉండేది కాదని, ఖాకీ గుడ్డముక్క చేతపట్టుకుని పెద్దబజారంతా తిరిగి సరిచూసి తెచ్చిందని బావ ఆ తర్వాత అందరికీ చెప్పాడు. అభ్యంతరం చెప్పడానికి వచ్చినవాళ్ళెవరూ సూదిలో దారం ఎక్కించుకుని రారు.

అక్క తెల్లదారం పట్టుక్కున తెంపింది. బొత్తాం ఊడదీసి, దాని చోట మళ్ళీ పెట్టి, సూది దింపింది. హెడ్డమ్మ భుజాలు అదురుతున్నాయి.

"కదలకే, గుచ్చుకుంటుంది."

హెడ్డమ్మ కదల్లేదు. వీధి వీధంతా చూస్తుండగా, టోపీ పెట్టుకుని, గౌను కొలతకి నిలబడ్డ పిల్లలా నిలబడింది. కన్నీళ్ళు కారుతుంటే తుడుచుకోవడానికి చెయ్యి కూడా ఎత్తలేదు.

"ఇంతకీ ఆవిడకి అభ్యంతరం ఉన్నట్టా, లేనట్టా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు మెల్లిగా, బావ చెవిలో.

"ఆగండి సార్," అన్నాడు బావ. "కుట్టు అవ్వనివ్వండి."

అక్క ముడివేసి, వంగి, జేబు మీదే దారం పంటితో కొరికింది. బొత్తాం లాగి చూసింది. భుజం కుట్టు తడిమి, మూతి తిప్పి, ఇది కూడా విప్పాల్సిందే అన్నట్టు తల ఊపింది. అప్పటికి గానీ చెల్లెలి మొహంలోకి చూడలేదు.

"ఏమే, పొద్దుట్నుంచి ఏమైనా తిన్నావటే?" అంది.

"లేదక్కా," అంది హెడ్డమ్మ.